గుమ్మం దగ్గర మాట



మా క్లినిక్కులో తరచూ జరిగే సంగతి ఒకటి చెబుతాను. పేషెంటు ఒకావిడ వస్తారు. జ్వరమనో, మోకాలి నొప్పనో, గ్యాసనో చెబుతారు. చూస్తాను. మందులు రాస్తాను. చీటీ తీసుకుంటారు. లేస్తారు. చెప్పులు వేసుకుంటారు. ఒక చెయ్యి తలుపు మీద పడుతుంది. అప్పుడు వెనక్కి తిరుగుతారు. గొంతు తగ్గించి అడుగుతారు: "మేడమ్, ఆ సన్నబడే సూది వచ్చిందట కదండీ. అది నాకు పనికొస్తాదా?"

బయట ఇంకా పన్నెండు మంది కూర్చుని ఉంటారు. ఫ్యాను కింద ఒక చంటిపిల్ల ఏడుస్తూ ఉంటుంది. తలుపు సగం తెరిచే ఉంటుంది. ఆ మాట బయటి వాళ్ళకి వినబడుతుందేమోనని ఆవిడ భయం. టైము చాలదని నా భయం. నేను రెండు ముక్కలు చెబుతాను. ఆవిడ తలాడించి వెళ్ళిపోతారు.

దీనికి నేను గుమ్మం మాట అని పేరు పెట్టుకున్నాను. నిజానికి ఆవిడ వచ్చింది జ్వరం కోసం కాదు. ఈ మాట కోసమే వచ్చారు. ఐదేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట అది. చివరికి గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకున్నాక బయటపడింది.

ఇవాళ ఆ గుమ్మం మాటని కుర్చీ దగ్గరికి ఎలా తెచ్చుకోవాలో మాట్లాడుకుందాం. అంటే, బరువు తగ్గించే మందు గురించి డాక్టరుతో ఎలా మాట్లాడాలి అన్నది. ఆ మందు వాడమని నేను చెప్పను. వాడొద్దనీ చెప్పను. రేడియోలో మందు రాయకూడదు. మీరెవరో చూడకుండా, మీ నాడి పట్టుకోకుండా రాస్తే అది వైద్యం కాదు.

నేను విశాఖలో, గాజువాకలో ఇరవై ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా నాన్నగారు పోర్టులో పైలట్ లాంచి మీద పనిచేశారు. నేను చెప్పబోయే ఉపాయం డాక్టరు చదువులో నేర్చుకున్నది కాదు. ఆయన దగ్గర విన్నది.

డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి లోపలి హార్బరుకి వెళ్ళే కాలవ మీలో చాలామంది చూసే ఉంటారు. ఇరుకైన దారి. బయటి ఊరి కెప్టెను ఎంత అనుభవం ఉన్నవాడైనా తనంతట తాను ఆ కాలవలోకి రాడు. ఓడని బయటే ఆపుతాడు. పోర్టు పైలటు లాంచి మీద వెళ్ళి, తాడునిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు. ఎక్కగానే ఓడని కదిలించడు. ముందు కెప్టెను ఆయన చేతిలో ఒక కాగితం పెడతాడు. దాన్ని పైలట్ కార్డు అంటారు. ఓడ పొడవెంత, నీళ్ళలో ఎంత లోతు మునిగి ఉంది, ఇంజను సంగతేమిటి, చుక్కాని ఎంతసేపట్లో తిరుగుతుంది, ఏదైనా పాడై ఉందా అన్నవన్నీ అందులో ఉంటాయి. పైలటు చూస్తాడు. తన లెక్క తను చెబుతాడు. ఇద్దరూ ఒక మాట అనుకుంటారు. అప్పుడు ఓడ కదులుతుంది.

కాలవ తెలిసినవాడు పైలటు. ఓడ తెలిసినవాడు కెప్టెను. ఇంకో సంగతి కూడా నాన్నగారు చెప్పేవారు. పైలటు ఎక్కినా సరే, ఓడ బాధ్యత కెప్టెనుదే.

బరువు విషయంలో మీరు కెప్టెను, డాక్టరు పైలటు. మందు డాక్టరుకి తెలుసు. ఒళ్ళు మీకు తెలుసు. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు మీ ఒంటికి ఒక పైలట్ కార్డు రాసుకోండి. అర ఠావు కాగితం చాలు. పిల్లల నోటుబుక్కులోంచి చింపిన కాగితమైనా చాలు. మళ్ళీ చెబుతున్నాను. వెళ్ళేముందు కాగితం రాసుకోండి. వెళ్ళగానే, కూర్చోగానే, అది టేబులు మీద పెట్టండి. "డాక్టరుగారూ, ఇవాళ నేను బరువు గురించి మాట్లాడడానికే వచ్చాను" అనండి. జ్వరం సంగతి తరవాత.

ఆ కాగితం మీద ఏం రాయాలో చెప్పేముందు, ఈ సూది కథ కాస్త విందాం.

మనం తిన్నప్పుడు పేగుల్లో ఒక హార్మోను పుడుతుంది. దాని పేరు జీఎల్‌పీ-1. "తిండి చేరింది, ఇక చాలు" అని అది మెదడుకి కబురు పంపుతుంది. సుగరుని అదుపులో పెట్టడానికి సాయం చేస్తుంది. కానీ దాని ఆయుష్షు రెండు మూడు నిమిషాలే. అంత చిన్న బతుకు బతికేదాన్ని మందుగా ఎలా వాడతాం? దీనికి దారి చూపించింది ఒక బల్లి అంటే మీరు నమ్మరు. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అని ఒకటుంది. మన ఉడుములా కనబడుతుంది. ఏడాదికి కొన్నిసార్లే తింటుంది. దాని విషంలో ఈ హార్మోనుని పోలిన పదార్థం దొరికింది. పైగా అది త్వరగా కరిగిపోదు. దాన్ని చూసి చేసిన సుగరు మందు 2005లో వచ్చింది. ఆ దారిలోనే మరికొన్ని వచ్చాయి. ఇప్పుడు మీరు వింటున్న సెమాగ్లుటైడ్ వాటిలో ఒకటి. అది వారానికి ఒక్క సూది. 2017లో అమెరికాలో ఒజెంపిక్ పేరుతో సుగరు జబ్బుకి అనుమతి పొందింది. అదే మందు 2021లో వెగోవి పేరుతో బరువుకి అనుమతి పొందింది. టిర్జెపటైడ్ అని ఇంకోటి ఉంది. అది రెండు హార్మోన్ల పని చేస్తుంది. దాని పేరు మౌంజారో. మన దేశంలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవి 2025 జూన్‌లో మార్కెట్లోకి వచ్చాయి.

ఈ మందు ఇంకో పని కూడా చేస్తుంది. కడుపులోంచి తిండి కిందికి దిగడాన్ని నెమ్మది చేస్తుంది. విశాఖ వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మన స్టేషనుకి వచ్చే బండి దువ్వాడ దాటాక ఔటర్లో ఆగిపోదూ? ప్లాట్‌ఫారం ఖాళీ లేదు. బండి కదలదు. ఈ సూది వేసుకున్న కడుపు కూడా అంతే. తిండి ఔటర్లో ఆగుతుంది. ఆకలి తగ్గడానికి ఇదీ ఒక కారణం. కానీ బండి ఔటర్లో ఉండగా వెనకనుంచి ఇంకో రెండు బళ్ళు పంపించారనుకోండి. అంటే పాత అలవాటు కొద్దీ ఒక ఫుల్లు బిర్యానీ, దాని మీద ఒక కూల్‌డ్రింకు పంపించారనుకోండి. ఏమవుతుంది? వికారం, వాంతి. ఈ మందుతో ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది అదే. వికారం, వాంతులు, విరేచనాలు, లేదా మలబద్ధకం. అందుకే మోతాదు చిన్నదానితో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకి ఒక మెట్టు చొప్పున పెంచుతారు. ఆ మెట్లు ఎక్కడానికే నెలలు పడుతుంది.

మొన్నామధ్య ఒక అమ్మాయి వచ్చింది. పెళ్ళికి ఆరు వారాలుంది. "ముహూర్తం లోపల పది కిలోలు తగ్గాలండి" అంది. అమ్మా, ఆరు వారాల్లో నువ్వు రెండో మెట్టు మీద ఉంటావు, పెళ్ళిపీటల మీద వాంతులొస్తే ఫోటోలు ఎలా వస్తాయో ఆలోచించుకో అన్నాను. నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు.

సరే, కాగితానికి వద్దాం.

మొదటి మాట. బరువు ఎప్పుడు మొదలైంది? ఇది చాలామంది చెప్పరు. "నాకు చిన్నప్పట్నుంచీ అంతేనండి" అంటారు. కాదు, ఆలోచించండి. పెళ్ళప్పుడు ఎంత? మొదటి కాన్పు తరవాత ఎంత? ఉద్యోగం మారాక ఎంత? స్టీలు ప్లాంటులో పనిచేసే ఒకాయన ఆ లెక్క రాసుకుని తెచ్చారు. నలభై ఏళ్ళు వచ్చేదాకా ఆయన బరువు కదలలేదు. తరవాత మూడేళ్ళలో పద్నాలుగు కిలోలు పెరిగారు. ఆ మూడేళ్ళలో ఏం జరిగిందండీ అంటే కాసేపు ఆలోచించి, "షిఫ్టులు మారేయండి" అన్నారు. నైట్ షిఫ్టులు ఎక్కువయ్యాయి. రాత్రి రెండు గంటలకి టీ, నాలుగు బిస్కెట్లు. పొద్దున్న డ్యూటీ దిగి కూర్మన్నపాలెంలో పూరీ తిని పడుకోవడం. భార్య చెబుతున్నారు, గురక కూడా మొదలైందని. గురక అనగానే నేను ఆగాను. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూడాలి. అది ఉంటే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే అది ఇంకా పెరుగుతుంది. చూశారా? ఒక్క తేదీ రాస్తే ఎంత దూరం వెళ్ళామో.

రెండో మాట. మీరు వేసుకునే మందులన్నీ. రాయడం కష్టమైతే రాయొద్దు. ఒక సంచిలో వేసి పట్టుకొచ్చేయండి. మాత్రల అట్టలు, సీసాలు, పొడులు, ఆకుల రసం, జిమ్ముకి వెళ్ళే అబ్బాయి ఇచ్చిన డబ్బా, అన్నీ. ఎందుకంటారా? కొన్ని మందులే బరువు పెంచుతాయి. ఇన్సులిను పెంచుతుంది. కొన్ని సుగరు మాత్రలు పెంచుతాయి. మనసు జబ్బులకి ఇచ్చే మందుల్లో కొన్ని బాగా పెంచుతాయి. స్టెరాయిడ్లు చెప్పనే అక్కర్లేదు. మోకాళ్ళ నొప్పికని పేరూ ఊరూ లేని పొడులు అమ్ముతుంటారు చూడండి, వాటిలో స్టెరాయిడ్ కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. అంటే బరువు పెంచే మందు ఒక చేత్తో మింగుతూ, తగ్గించే సూది రెండో చేత్తో పొడుచుకుంటున్నామన్నమాట. కానీ ఒక హెచ్చరిక. రేడియోలో విన్నానని మీరు వేసుకునే మాత్ర మీరే ఆపేయకండి. ముఖ్యంగా స్టెరాయిడ్, ముఖ్యంగా మనసుకి సంబంధించిన మాత్రలు. సంచి తెచ్చి చూపించండి. అంతవరకే.

సంచి తేవడానికి ఇంకో కారణం ఉంది. గ్లిమిపిరైడ్ లాంటి సుగరు మాత్ర గానీ, ఇన్సులిను గానీ వాడేవాళ్ళకి ఈ సూది కలిపితే సుగరు మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. డాక్టరుకి ముందే తెలిస్తే ఆ మాత్ర మోతాదు తగ్గిస్తారు. తెలియకపోతే ఎలా తగ్గిస్తారు?

మూడో మాట ఇంటి చరిత్ర. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సరు వచ్చిందా? దీని దగ్గర చాలామంది గాభరా పడతారు. "అయ్యో, నాకు థైరాయిడ్ ఉందండీ, పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటాను" అంటారు. అది వేరు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి దీంతో పేచీ లేదు. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సరు అని అరుదైనది ఒకటుంది. అది మీకు గానీ, మీ రక్తసంబంధీకులకి గానీ ఉంటే ఈ సూది వాడకూడదు. అలాగే మీకు ఎప్పుడైనా పాంక్రియాస్ వాపు వచ్చి ఆసుపత్రిలో చేరారా? పిత్తాశయంలో రాళ్ళున్నాయా? సుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిందా? ఇవన్నీ కాగితం మీదికి రావాలి. ఓడలో చుక్కాని పాడైందని కెప్టెను సిగ్గుపడి చెప్పకపోతే, పైలటు ఎంత మొనగాడైనా ఓడ కొండకే తగులుతుంది.

ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. పిల్లల కోసం చూస్తున్నారా? అది తప్పకుండా చెప్పండి. అత్తగారు పక్కనుంటే ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమని డాక్టరే చెబుతారు, అడగండి. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడకూడదు. సెమాగ్లుటైడ్ అయితే గర్భం అనుకోవడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్‌తో ఇంకో చిక్కుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్ళకి అది మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడల్లా, నాలుగు వారాల పాటు ఆ మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు. వేరే జాగ్రత్త తీసుకోవాలి. పీసీఓడీ ఉండి, నెలసరి సరిగా రాని అమ్మాయిలు బరువు తగ్గాక అనుకోకుండా గర్భం దాల్చడం కూడా ఉంది.

నాలుగో మాట మన ఊరికి సంబంధించినది. మీరు ఏం పని చేస్తారు? దీన్ని మా డాక్టర్లు కూడా అడగడం మరిచిపోతుంటారు. కోక్ ఓవెన్ల దగ్గర, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసేవాళ్ళ సంగతి చూడండి. ఎనిమిది గంటలు వేడిలో నిలబడతారు. చెమట ధారగా కారుతుంది. వాళ్ళకి ఈ సూది వల్ల వాంతులో విరేచనాలో పట్టుకున్నాయనుకోండి. లేదా ఆకలి లేక తిండీ నీళ్ళూ రెండూ తగ్గాయనుకోండి. ఒంట్లో నీరు పోయి కిడ్నీ దెబ్బతినొచ్చు. ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాడికి అదే వికారం చిన్న ఇబ్బంది. ఫర్నేసు దగ్గరివాడికి అది ప్రమాదం. అలాంటివాళ్ళకి నేను మొదటి సూది సెలవు ముందు రోజు వేసుకోమంటాను. మోతాదు నిదానంగా పెంచుతాను. మజ్జిగ, నీళ్ళు గంట లెక్కన తాగమంటాను. కానీ మీరు ఎక్కడ పనిచేస్తారో నాకు తెలిస్తే కదా!

అలాగే ఓడల మీద ఉద్యోగం చేసే కుర్రాళ్ళు మన ఊళ్ళో ఎంతమందో. ఆరు నెలలు, తొమ్మిది నెలలు ఇంటికి రారు. ఆ సూదిని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డకట్టకూడదు. ఫ్రిజ్‌లో పెట్టాలి గానీ ఫ్రీజర్లో పెట్టకూడదు. నడిసముద్రంలో వాంతులు పట్టుకుంటే ఎవరు చూస్తారు? మధ్యలో సూదులు అయిపోతే ఎక్కడ దొరుకుతాయి? ఈ ప్రశ్నలకి జవాబు లేకుండా ఓడెక్కకూడదు. నా దగ్గరికి వచ్చిన ఒక సెకండ్ ఇంజనీరుకి నేను ఆ కారణంతోనే వద్దన్నాను. ఇంటికొచ్చిన సెలవులో, మొదటి నెల నా కళ్ళ ముందు ఉండేటప్పుడు చూద్దామన్నాను. కోపం వచ్చింది ఆయనకి. పోనీండి.

అయిదో మాట డబ్బు. దీని గురించి మాట్లాడడానికి మనకి మహా మొహమాటం. మౌంజారో మన దేశంలో వచ్చినప్పుడు చిన్న మోతాదు సీసా 3,500 రూపాయలు, దాని తరవాతది 4,375 రూపాయలు. అది వారానికి ఒకటి. నెలకి నాలుగు లెక్కేసుకోండి. ఆ తరవాత ధరలు దిగే దారి పట్టాయి. వెగోవి ధరని కంపెనీయే 2025 నవంబరులో తగ్గించింది. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే. గడువు తీరాక మన కంపెనీలు కూడా తయారుచేసుకోవచ్చు. ధర దిగడం మంచిదే. అయినా ఇది నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చే ఖర్చు. పిల్లల ఫీజు లాంటిది. అందుకని కాగితం మీద రాయండి: నెలకి ఇంత పెట్టగలను, ఇన్నాళ్ళు పెట్టగలను. సిగ్గుపడకండి. మూడు నెలలు అప్పు చేసి వాడి, నాలుగో నెల ఆపేసేవాళ్ళని చూశాను. వాళ్ళకి మిగిలింది అప్పే.

ఆపేస్తే ఏమవుతుంది? అసలు ప్రశ్న ఇదే. 2021లో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. 1,961 మంది పాల్గొన్నారు. సెమాగ్లుటైడ్ 68 వారాలు వాడినవాళ్ళు సగటున నూటికి 15 వంతుల దాకా బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్ళు రెండున్నర వంతులు కూడా తగ్గలేదు. అంటే 90 కిలోల మనిషి సుమారు 13 కిలోలు తగ్గినట్టు. చిన్న విషయం కాదు. అయితే వాళ్ళలో కొందరిని సూది ఆపాక ఏడాది పాటు గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. ఎందుకని? బీపీ మాత్ర ఆపితే బీపీ తిరిగి రాదూ? ఇదీ అంతే. ఔటర్లో బండిని ఆపి ఉంచింది సూది. సూది పోయింది, సిగ్నలు పడింది, ఆకలి పరుగెత్తుకొచ్చింది.

అందుకే మీరు డాక్టరుని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న "ఇది ఎప్పుడు మొదలెడదాం" అన్నది కాదు. "ఇది ఎన్నాళ్ళు, ఆపేటప్పుడు ఎలా ఆపుదాం" అన్నది. మళ్ళీ చెబుతాను. ఎన్నాళ్ళు? ఎలా ఆపుదాం? ఈ రెండూ కాగితం వెనక రాసుకోండి. జవాబు మీ డాక్టరు నోటితో వినండి.

ఇంకో ప్రశ్న కూడా అడగండి. "అసలు నాకు ఇది అవసరమా?" దీనికి కొలతలున్నాయి. ఎత్తుకీ బరువుకీ లెక్కగట్టి బీఎంఐ అంటారు. ఈ సూదులకి అనుమతి ఇచ్చింది బీఎంఐ 30 దాటినవాళ్ళకి, లేదా 27 దాటి దానితోపాటు బీపీ, సుగరు లాంటి జబ్బు ఉన్నవాళ్ళకి. అయితే మన వాళ్ళ ఒళ్ళు వేరు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో వచ్చింది. ఒకరు ఇంగ్లండు డాక్టరు యుడ్‌కిన్. ఒకరు పుణె డాక్టరు యాజ్ఞిక్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చూడడానికి ఇద్దరూ సన్నమే. కానీ ఇంగ్లండాయన ఒంట్లో కొవ్వు నూటికి 9 వంతులు. మనాయన ఒంట్లో 21. మన కొవ్వంతా పొట్టలో దాక్కుంటుంది. అందుకే మన దేశపు డాక్టర్లు బీఎంఐ 25 నుంచే ఊబకాయం అంటారు. బీఎంఐ లెక్క రాకపోతే టైలరు టేపు తీసుకుని నడుం కొలుచుకోండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు. అది దాటితే జాగ్రత్త. ప్యాంటు సైజు చూసి చెప్పకండి. మగవాళ్ళు పొట్ట కిందికి ప్యాంటు కట్టి, నాది ముప్పై నాలుగే అంటారు. టేపు బొడ్డు మీదుగా పట్టాలి.

ఇది మీ ఒక్కరి బాధే అనుకోకండి. 2019 నుంచి 2021 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు. మగవాళ్ళలో నూటికి 31 మంది. బస్సులో ముగ్గురు కూర్చునే సీటు చూడండి, లెక్క తెలుస్తుంది.

మరి కొందరు అడుగుతారు, "మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారట కదా, డాక్టరెందుకు?" అని. ఇంకొందరు బ్యూటీ పార్లరులో వేయించుకున్నామంటారు. వినగానే నాకు గుండె జారుతుంది. బరువు మందుల చరిత్ర అంత గొప్పది కాదండీ. ఫెన్‌ఫ్లూరమిన్ అని ఒకటి వాడితే గుండె కవాటాలు పాడయ్యాయి, 1997లో వెనక్కి తీసుకున్నారు. రిమోనబాంట్ అని ఇంకోటి మనసుని కుంగదీసింది, 2008లో అదీ పోయింది. సిబుట్రమిన్ గుండెపోట్లు, పక్షవాతాలు తెచ్చింది, 2010లో అదీ పోయింది. ఇప్పటి సూదులు వాటికంటే చాలా మెరుగు. గుండె జబ్బు ఉన్న కొందరికి మేలు చేస్తున్నాయని కూడా రుజువైంది. అయినా మందు మందే. వేసుకున్నాక మిమ్మల్ని చూసే మనిషి ఒకరుండాలి. పార్లరు అమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోను ఎత్తుతుందా?

అందుకని డాక్టరుని ఈ ప్రశ్న కూడా అడగండి: "ఏం జరిగితే నేను ఆగకుండా మీకు ఫోను చెయ్యాలి?" నేనైతే ఇలా చెబుతాను. కడుపులో పొడిచినట్టు నొప్పి వచ్చి, అది వీపులోకి పాకి, తగ్గకుండా ఉంటే. వాంతులు ఆగకపోతే. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే. మూత్రం బాగా తగ్గిపోతే. కళ్ళు పచ్చబడితే. చూపు ఉన్నట్టుండి మసకబారితే. అప్పుడు రేపు చూద్దాం అనుకోకండి. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి. కేజీహెచ్ కావచ్చు, మీ ప్లాంటు ఆసుపత్రి కావచ్చు, దగ్గర్లో ఏదుంటే అది. వెళ్ళగానే ఈ సూది వేసుకుంటున్నానని చెప్పండి. ఏదైనా ఆపరేషనుకి వెళ్ళినప్పుడు కూడా మత్తు డాక్టరుకి చెప్పండి. ఔటర్లో బండి ఆగి ఉందిగా! ఉపవాసం ఉన్నా కడుపులో తిండి మిగిలి ఉండొచ్చు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

తిండి గురించి ఒక్క ముక్క. సూది వేసుకున్నాక ఆకలి తగ్గుతుంది కదా అని రెండు ఇడ్లీలతో రోజు గడిపేసేవాళ్ళు ఉన్నారు. బరువు తగ్గుతుంది నిజమే. కానీ కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. తినేది కొంచెమే కాబట్టి ఆ కొంచెంలో గుడ్డు, పప్పు, పెరుగు, చేప ముందు ఉండాలి. పూర్ణా మార్కెట్టుకి వెళ్ళేవాళ్ళకి చేపల సంగతి నేను చెప్పాలా? వంజరం ధర మండితే కానాగంతలు తెచ్చుకోండి, ఏ లోటూ లేదు. వేపుడు కాదు, పులుసు. అన్నం ఆ తరవాత. బీచ్ రోడ్డులో పొద్దున్న నడిచేవాళ్ళు నడవండి. నడకతోపాటు కాస్త బరువులు ఎత్తడం, మెట్లు ఎక్కడం కూడా చేయండి. కండ నిలబడేది దానితోనే.

చివరిగా డాక్టర్ల మీద ఒక ఫిర్యాదు ఉంది, అది నాకూ తగులుతుంది. బరువు మాట ఎత్తగానే కొందరం క్లాసు పీకుతాం. "నోరు కట్టుకోండి, అదే తగ్గుతుంది" అంటాం. ఆ మాట విన్నవాళ్ళు మళ్ళీ పదేళ్ళు ఆ ఊసెత్తరు. ఇంట్లో అత్తగారు అంటారు, పెళ్ళిళ్ళలో చుట్టాలు అంటారు, ఆటోలో పక్కనున్నాయన జరగమంటాడు. డాక్టరు కూడా అదే అంటే ఇంకెవరికి చెప్పుకుంటారు? మీ డాక్టరు అలా అంటే కోపం తెచ్చుకోకుండా ఒక మాట అనండి: "నేను ఇవి చేసి చూశానండీ, ఇంత తగ్గాను, మళ్ళీ పెరిగాను." కాగితం మీద అదీ ఉంటుంది. ఏ ఏడాది ఏం చేశారు, ఎంత తగ్గారు, ఎప్పుడు ఆపేశారు. ఆ కాగితం చూశాక క్లాసు పీకడం కష్టం. నాకు కష్టమైంది కాబట్టే చెబుతున్నాను.

మొదట్లో చెప్పానే, గుమ్మం దగ్గర ఆగిన ఆవిడ. రెండు వారాల తరవాత మళ్ళీ వచ్చారు. ఈసారి జ్వరం లేదు. కూర్చోగానే చేతిసంచి విప్పి కాగితం తీశారు. వాళ్ళమ్మాయి చేత రాయించారు. చక్కటి అక్షరాలు. సంచిలో మోకాళ్ళ నొప్పికి ఏడాదిగా మింగుతున్న తెల్లమాత్రలు కూడా ఉన్నాయి, పేరు లేని కవరులో. వాటి గురించి తెలుసుకోవడానికే మాకు మొదటి రోజు సరిపోయింది. సూది సంగతి ఇంకా తేలలేదు. వచ్చే నెల సుగరు, థైరాయిడ్ రిపోర్టులు వచ్చాక చూద్దామనుకున్నాం. లేచి వెళుతూ తలుపు దగ్గర ఆగారు. ఇప్పుడేమిటమ్మా అన్నాను.

"ఏటీ లేదండి. గొడుగు మరిచిపోనాను" అన్నారు.